షోరూం చెప్పే రెండేళ్లు మీ పికప్‌కు పదమూడు నెలలే

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. కొత్త డీజిల్ పికప్ బుక్ చేశాను, నేనే నడుపుకుంటాను. సీజన్‌లో పత్తి, మిర్చి, మక్కలు ఎనుమాముల మార్కెట్‌కు తోలుతాను. మిగతా రోజుల్లో హన్మకొండ నుంచి భూపాలపల్లి వైపు కిరాణా సరుకు. రోజుకు 150 కి.మీ., నెలకు 25 రోజులు తిరుగుతుంది. కంపెనీ వారంటీ 3 ఏళ్లు లేదా 1 లక్ష కి.మీ. ఇంకో రెండేళ్లకు, అంటే 5 ఏళ్లు లేదా 1.5 లక్షల కి.మీ. వరకు ఎక్స్‌టెండెడ్ వారంటీ 24,000 రూపాయలట. 11 శాతం వడ్డీతో 48 నెలల లోనులో కలిపేస్తే నెలకు 620 మాత్రమే అంటున్నారు. తర్వాత తీసుకుంటే 28,000 అవుతుందట. ఇప్పటి బండ్లలో అన్నీ సెన్సార్లే, ఒకటి పోయినా వేలల్లో ఖర్చని చెబుతున్నారు. తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దు. లోనులో కలిపి అసలే వద్దు. ఇరవై, ఇరవై రెండు నెలల తర్వాత మళ్లీ ఆలోచించండి. అప్పటికీ చాలామటుకు అవసరం ఉండకపోవచ్చు.

వారంటీ కాగితంలో ఏళ్లు, కిలోమీటర్లు రెండూ ఉంటాయి. ఏది ముందు పూర్తయితే అక్కడితో వారంటీ ఆగిపోతుంది. మీ బండి నెలకు 3,750 కి.మీ., ఏడాదికి 45,000 కి.మీ. తిరుగుతుంది. ఆ లెక్కన లక్ష కి.మీ. సుమారు 27 నెలలకే దాటుతుంది. కంపెనీ ఇచ్చిన మూడేళ్లలో తొమ్మిది నెలలు మీకు అందనే అందవు. ఎక్స్‌టెండెడ్ వారంటీదీ అదే తీరు. లక్ష నుంచి లక్షన్నర దాకా ఉన్న 50,000 కి.మీ. మీకు 13 నెలల పని. రెండేళ్లని చెప్పి అమ్ముతున్నది మీ వరకు వస్తే పదమూడు నెలలే.

ఇక ధర. 24,000ను 50,000తో భాగిస్తే కిలోమీటరుకు 48 పైసలు. లోనులో కలిపితే నెలకు 620 చొప్పున 48 నెలలకు సుమారు 29,770 కడతారు, కిలోమీటరుకు 60 పైసలు పడుతుంది. మొదటి 27 నెలలు ఆ వారంటీతో మీకు పనే లేదు, ఎందుకంటే కంపెనీ వారంటీ నడుస్తూనే ఉంటుంది. వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే పడుతుంది. తర్వాత 28,000 అవుతుందని తొందరపెడుతున్నారు కదా, ఆ 28,000 నగదుగా కట్టినా లోను దారికంటే 1,770 తక్కువే. ధర పెరుగుతుందన్న మాట మిమ్మల్ని భయపెట్టాల్సిన పనిలేదు.

ఇదే పథకం ఇంకొకరికి బాగానే కుదురుతుంది. రోజుకు 100 కి.మీ. తిరిగే బండి ఏడాదికి 30,000 పోతుంది. మూడేళ్లకు 90,000, అయిదేళ్లకు సరిగ్గా 1.5 లక్షలు. ఆ యజమానికి రెండేళ్లూ దక్కుతాయి, 60,000 కి.మీ.లూ దక్కుతాయి, నగదుగా కడితే కిలోమీటరుకు 40 పైసలే. మీలా 150 తిరిగేవారికి గడువు వృథా అవుతుంది. రోజుకు 60 కి.మీ. తిరిగేవారికి కిలోమీటర్లు మిగిలిపోతాయి, వారికి 67 పైసలు పడుతుంది. షోరూంలో మాత్రం ముగ్గురికీ ఒకే కరపత్రం ఇస్తారు.

ఇప్పటి బండ్ల మీద ఉన్న భయం ఉత్తదేం కాదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 పొగ నియమాలు వచ్చాయి, 2023 ఏప్రిల్ నుంచి వాటి రెండో దశ. పొగ శుద్ధి చేసే భాగాలు, వాటిని కాపలా కాసే సెన్సార్లు, అన్నింటినీ నడిపే ఈసీయూ అనే కంప్యూటర్ డీజిల్ బండిలో భారీగా చేరాయి. డీజిల్‌ను ఇంజిన్‌లోకి చిమ్మే కామన్ రైల్ ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, టర్బో ముందు నుంచీ ఖరీదైనవే. పోతే బాదేది ఇవే. అందుకే వారంటీ కాగితంలో మొదట చూడాల్సింది వీటి పేర్లు. ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, టర్బో, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది), డీపీఎఫ్ (మసిని పట్టే పొగ ఫిల్టర్), ఈసీయూ, వైరింగ్: ఏది కవర్ అవుతుంది, ఏది కాదు అన్నది ఒక్కొక్కటిగా పెన్నుతో గీసుకోండి. ‘ఇంజిన్, గేర్‌బాక్స్ కవర్’ అని మాత్రమే రాసి ఉంటే సెన్సార్ల పేరు చెప్పి అమ్మి సెన్సార్లు లేని కాగితం చేతిలో పెట్టినట్టే.

అరిగిపోయేవి ఎలాగూ కవర్ కావు. క్లచ్ ప్లేటు, బ్రేక్ లైనర్లు, టైర్లు, బ్యాటరీ, బెల్టులు, రబ్బరు బుష్‌లు, ఫిల్టర్లు సాధారణంగా మినహాయింపుల్లోనే ఉంటాయి. కమాన్ కట్టల (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) సంగతి కాగితంలో చూడండి, చాలాచోట్ల అవీ ఉండవు. లోడు బండికి లక్ష దాటాక మొదట వచ్చే ఖర్చులు చాలావరకు ఈ జాబితాలోవే. బండి నిలిచిన రోజుల కిరాయి, పాడైన సరుకు, టోయింగ్ చార్జీ కూడా వారంటీ ఇవ్వదు. ఒక్కో క్లెయిమ్‌కు పరిమితి ఉందా, పాత భాగమని అరుగుదల కింద కోత పెడతారా అన్నది కూడా అడగండి.

క్లెయిమ్‌లు ఎక్కువగా ఎక్కడ తెగిపోతాయో తెలిస్తే వారంటీ తీసుకున్నా, తీసుకోకున్నా పనికొస్తుంది. మీ కంపెనీ వారంటీకీ ఇవే షరతులు.

మొదటిది సర్వీసు ఆలస్యం. పుస్తకంలో 10,000 కి.మీ.కు సర్వీసు అని ఉంటే అది మీకు రెండు నెలల ఇరవై రోజులకే వస్తుంది. మార్కెట్ నిండా మిర్చి ఉన్న రోజుల్లో బండి ఆపబుద్ధి కాదు. గడువు రెండు వేల కి.మీ. దాటించి తీసుకెళ్తే టర్బో పోయిన రోజున ఆ తేదీనే చూపిస్తారు. ఆయిల్ కూడా పుస్తకంలో రాసిన గ్రేడే పోయించాలి. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ వచ్చే ఆయిల్ కావాలి, మామూలు ఆయిల్ పోస్తే ఆ బూడిద ఫిల్టర్‌లో పేరుకుంటుంది, అది కాలి పోయేది కాదు.

రెండోది డీజిల్. వెయ్యి బార్లకు పైగా ఒత్తిడితో పనిచేసే ఇంజెక్టర్‌కు నీటి చుక్క, సన్నని మట్టి చాలు. ఊళ్లో డబ్బాల్లో అమ్మే డీజిల్ పోయించొద్దు. బంకు రసీదులు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఫిల్టర్ కింద చేరిన నీటిని పుస్తకంలో చెప్పినప్పుడల్లా వదిలేయండి. కల్తీ డీజిల్ అని తేలితే ఇంజెక్టర్ల క్లెయిమ్ అక్కడితో ముగుస్తుంది.

మూడోది పొగ ఫిల్టర్. ఆగుతూ సాగుతూ ఊళ్లలోనే తిరిగితే డీపీఎఫ్‌లో మసి పేరుకుంటుంది. అది కాలాలంటే లోపల 600 డిగ్రీల దరిదాపు వేడి పుట్టాలి. మీటరు బోర్డులో డీపీఎఫ్ ల్యాంపు వెలిగితే ములుగు రోడ్డు లాంటి ఖాళీ దారిలో ఓ ఇరవై నిమిషాలు ఆగకుండా ఒకే వేగంతో పోనివ్వండి, మధ్యలో ఇంజిన్ ఆపొద్దు. ల్యాంపును పట్టించుకోక జామ్ అయితే అది వాడకం లోపమంటారు. ఈజీఆర్ మూసేస్తే, డీపీఎఫ్ తీసేస్తే మైలేజీ పెరుగుతుందని చెప్పేవాళ్లు తగులుతారు. ఆ పని చేయించిన రోజే ఇంజిన్ వారంటీ మీద ఆశ వదులుకోవాలి. అది చట్టవిరుద్ధం కూడా.

నాలుగోది వైరు కోతలు. ఎల్‌ఈడీ లైట్లు, పెద్ద హారన్, పాటల డబ్బా కోసం ఆటోనగర్‌లో వైరింగ్ కోసి అతికిస్తే, తర్వాత ఏ సెన్సార్ పోయినా ఆ టేపు చుట్టినచోటే చూపిస్తారు. ఎలుకలు కొరికిన వైరింగ్‌కూ వారంటీ ఉండదు.

అయిదోది లోడు, మీలాంటివారు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మీకు అనుమతి ఉన్న లోడు వస్తుంది. అదనంగా వేయించిన ఇనుప గ్రిల్, టార్పాలిన్ చట్రం కూడా అందులోకే వస్తాయి. పత్తి కొండలా కనిపించినా అంత బరువుండదు, ముంచేవి మక్కలు, వడ్లు. అనుమతి 1,700 కిలోలు, బస్తా 60 కిలోలు అనుకుంటే 28 బస్తాలతో ఆగాలి. 45 బస్తాలు వేస్తే 2,700 కిలోలు, అంటే టన్ను ఎక్కువ. మోటారు వాహన చట్టం 194వ సెక్షన్ కింద దానికి 20,000, పై టన్నుకు 2,000 కలిపి 22,000 జరిమానా పడొచ్చు, ఇంచుమించు మీ వారంటీ ధరంత. క్లచ్, యాక్సిల్, డిఫరెన్షియల్ క్లెయిమ్‌లు ఇక్కడే పోతాయి. వంగిన కమాన్ కట్ట, లోపలివైపు అరిగిన టైర్లు సర్వీస్ అడ్వైజర్‌కు వెంటనే కనబడతాయి. టాటా ఫ్లీట్ ఎడ్జ్, మహీంద్రా ఐమ్యాక్స్ లాంటి టెలిమాటిక్స్ (బండి సమాచారాన్ని కంపెనీకి పంపే ఏర్పాటు) ఉన్న బండ్లలో బండి ఎలా నడిచిందన్న సమాచారమూ కంపెనీ దగ్గర ఉంటుంది.

ఇవన్నీ పాటించే డ్రైవరుకు లక్ష నుంచి లక్షన్నర మధ్య పెద్ద భాగం పోయే అవకాశం తగ్గుతుంది, పాటించనివారికి క్లెయిమ్ రాదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ మీద నా ప్రధాన అభ్యంతరం ఇదే. లెక్కలో చెప్పాలంటే, పెద్ద రిపేరు ఒకటి 60,000 అనుకోండి. నగదుగా 24,000 కడితే గిట్టుబాటు కావడానికి మీలాంటి వంద బండ్లలో నలభైకి ఆ 13 నెలల్లో అంత రిపేరు రావాలి, అదీ పైసా కోత లేకుండా క్లెయిమ్ కావాలి. లోనులో కలిపితే యాభై బండ్లకు రావాలి. ఆ 60,000 నేను ఊహించి వేసిన అంకె. మీ మోడల్‌కు అసలు ధర తెలియాలంటే డీలర్ పార్ట్స్ కౌంటర్‌కు వెళ్లి నాలుగు ఇంజెక్టర్లు, టర్బో, హై ప్రెషర్ పంపు, ఈసీయూ ఎంఆర్‌పీలు, లేబర్ చార్జీ రాయించుకోండి. వాటిలో పెద్ద రిపేరు 1.2 లక్షలైతే నలభై కాస్తా ఇరవై అవుతుంది, అప్పుడు వారంటీ పక్షం కొంత బలపడుతుంది.

దానికి బదులు చేయాల్సింది: లోను దారిలో పడే 60 పైసలనే బండి రోడ్డెక్కిన రోజు నుంచి మీకు మీరే కట్టుకోండి. వారానికోసారి మీటరు చూసి, తిరిగిన కిలోమీటర్లను 0.60తో గుణించి వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. నెలకు 2,250 అవుతుంది. పోస్టాఫీసు ఆర్‌డీ దీనికి కుదరదు, అది అయిదేళ్లది, పైగా నెలనెలా ఒకే మొత్తం కట్టాలి. మీ ఆదాయం సీజన్‌ది. మిర్చి నెలల్లో ఎక్కువ వేసి వానాకాలంలో తగ్గించండి. ఖాతాలో 10,000 చేరినప్పుడల్లా ఏడాది ఎఫ్‌డీ చేసేయండి, చేతికి అందుబాటులో ఉంటే పెళ్లికో పేరంటానికో పోతుంది. లక్ష కి.మీ. దాటేనాటికి 60,000 ఉంటుంది, వడ్డీ అదనం. క్లచ్‌కూ, కమాన్ కట్టకూ, టోయింగ్‌కూ ఆ డబ్బు పనికొస్తుంది, ఎవరి సంతకమూ అక్కర్లేదు.

85,000 కి.మీ. దగ్గర, అంటే 22 నెలలు దాటాక, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పూర్తి తనిఖీ చేయించండి. స్కాన్ రిపోర్టు, ఇంజెక్టర్ల రిటర్న్ పరీక్ష (వెనక్కి వచ్చే డీజిల్ కొలత), టర్బో షాఫ్ట్ వదులు, గేర్‌బాక్స్ చప్పుడు, డిఫరెన్షియల్ లీకు చూడమనండి. ఏ లోపం కనిపించినా జాబ్‌కార్డులో రాయించి కాపీ తీసుకోండి. వారంటీ ఉండగా నమోదైన లోపాన్ని తర్వాత కాదనడం వారికి కష్టం. ఈ రెండేళ్లలో టర్బో గానీ ఇంజెక్టర్లు గానీ వారంటీ కింద మారినా, ఒకే సెన్సార్ కోడ్ మళ్లీమళ్లీ వచ్చినా, నిధిలో ఇంకా 30,000 కూడా చేరకపోయినా అప్పుడు 28,000 కట్టి తీసుకోండి. చేతిలో డబ్బు లేక ఒక పెద్ద రిపేరుతో ఈఎంఐ తప్పే పరిస్థితి ఉంటే వారంటీ ఖరీదైనా మంచిదే. నిధి 50,000 దాటి బండి శుభ్రంగా ఉంటే అవసరం లేదు. అయితే ఆ 28,000 ధర ఎప్పటివరకు, ఎన్ని కి.మీ. లోపు కట్టాలి, తనిఖీ అడుగుతారా అన్నది బుకింగ్ రోజే రాతపూర్వకంగా తీసుకోండి. సర్టిఫికెట్ మీద బండి కంపెనీ పేరు ఉండాలి. డీలర్ సొంత పథకమైతే ఎంత తక్కువకిచ్చినా వద్దు, భూపాలపల్లిలో ఆగిపోయిన బండికి అక్కడి సర్వీస్ సెంటర్ ఆ కాగితాన్ని ఒప్పుకోదు.

వరద నీళ్ల సంగతి వేరు. 2023 జులైలో మోరంచవాగు ముంచిన మోరంచపల్లి మీ భూపాలపల్లి దారిలోదే, మీకు తెలిసే ఉంటుంది. నీళ్లు పోయిన ఇంజిన్‌కు ఏ వారంటీ రాదు, అది ఇన్సూరెన్స్ పని. మునిగిన బండిని స్టార్ట్ చేసి ఇంజిన్ పాడైతే మామూలు పాలసీ కూడా ఆ నష్టాన్ని ఇవ్వకపోవచ్చు. సెల్ఫ్ కొట్టకుండా లాగించుకు వెళ్లండి. ఇంజిన్ రక్షణ అనుబంధం మీ సరుకు బండి పాలసీకి ఇస్తారేమో అడగండి.

పన్ను కలిసొస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. పన్నెండు టన్నుల లోపు సరుకు బండికి అంచనా ఆదాయ పద్ధతిలో నెలకు 7,500 చూపేవారు వారంటీ ఖర్చును విడిగా తీసేసుకోలేరు.

క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, తేలకపోతే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. సరుకు బండి వ్యాపారానిది కాబట్టి మీరు వినియోగదారు కాదని అవతలివాళ్లు వాదిస్తారు. సొంత ఉపాధి కోసం కొన్నవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం మినహాయింపు ఇచ్చింది, మీరే నడుపుతున్నారు కాబట్టి అది మీకు వర్తిస్తుంది. రేపు రెండో బండి కొని జీతానికి డ్రైవర్లను పెడితే ఈ వాదన బలహీనపడుతుంది.