పాత బట్టల అమ్మకం: ఏ బ్రాండు కొనాలి, ఏది వదలాలి?

ప్రశ్న: మాది విజయనగరం. మా అమ్మ ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. హైదరాబాదు, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేస్తున్న మా పిన్ని పిల్లలు, మేనత్త పిల్లలు సిరిమాను పండగకు వచ్చినప్పుడల్లా తాము వాడి వదిలేసిన బట్టలు తెచ్చి ఇస్తుంటారు. వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి, ఫోటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వాట్సాప్‌లోనూ పెట్టి రెండు నెలల్లో 14 అమ్మాను. 3 తిరిగి వచ్చాయి. ఇప్పుడు 15,000 రూపాయలు పెట్టి కొంత సరుకు కొనాలనుకుంటున్నాను. వీడియోలలో పటగోనియా, లులులెమన్, కార్‌హార్ట్ కొనమని చెబుతున్నారు. మన ప్రాంతంలో ఏ బ్రాండ్లు పట్టుకుంటే లాభం ఉంటుందో దయచేసి చెప్పండి. – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, మీరు చూసిన వీడియోలు అమెరికా వారి కోసం చేసినవి. అక్కడి ఇళ్లలో ఆ బ్రాండ్లు వాడతారు కాబట్టి పాత బట్టల దుకాణాలలో అవి దొరుకుతాయి, వాటిని వెతికి కొనేవారూ అక్కడే ఉంటారు. విజయనగరంలో మీ చేతికి ఏం వస్తుంది, దానిని కొనేవారు ఎక్కడ ఉన్నారు అనే రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకనే బ్రాండు గురించి ఆలోచించాలి. శ్రీకాకుళంలో నేను ఇరవై ఏళ్లకు పైగా రెడీమేడ్ దుస్తుల కొట్టు నడిపాను. కొత్త బట్టకు గిరాకీ తెచ్చే పేరే పాత బట్టకు కూడా గిరాకీ తెస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. పాత బట్ట కొనేవారు పేరు చూసి ఆగుతారు. కానీ డబ్బు తీసేది మాత్రం ఆ బట్టలో ఇంకా ఎంత బతుకు మిగిలి ఉందో చూసిన తరువాతే.

అందుకే నేను మొదట జీన్స్ చెబుతాను, అందులోనూ లీవైస్. ఈ సంస్థ 1853లో మొదలైంది, జేబు మూలలు చిరగకుండా కొట్టే రాగి బిళ్లలు, అంటే రివెట్లు ఉన్న ప్యాంటుకు 1873లో పేటెంటు పొందింది, మన దేశంలోకి 1990ల మధ్యలో వచ్చింది. అంటే మన ఊళ్ల ఉద్యోగస్థుల బీరువాలలో ఇప్పటికే బోలెడన్ని ఉన్నాయి. గట్టి డెనిమ్ పాతబడిన కొద్దీ మెత్తబడుతుంది, రంగు వెలిసినా దాన్ని అందంగానే భావిస్తారు. చొక్కాకు ఆ సౌకర్యం లేదు. పైగా 501, 511 వంటి సంఖ్యలను బట్టి కోత ఎలా ఉంటుందో కొనేవారికి ముందే తెలుసు కనుక సైజు గొడవ తగ్గుతుంది. లీవైస్ సంస్థే 2020 నుంచి అమెరికాలో తన పాత జీన్స్‌ను తిరిగి కొని అమ్ముతోందంటే, ఆ సరుకు విలువ ఎంత నిలకడగా ఉంటుందో ఊహించండి.

అసలుదో కాదో చూడటానికి ప్యాంటును వెలుతురులో వెనుక వైపు కనిపించేలా పట్టుకోండి. కుడివైపు వెనుక జేబు అంచులో చిన్న ఎర్రటి పట్టీ ఉంటుంది. 1936 నుంచి అదే వారి గుర్తు. కొన్నింటిలో ఆ పట్టీ మీద పేరు ఉండదు, వృత్తంలో ఉన్న చిన్న ఆర్ (R) అక్షరం ఒక్కటే ఉంటుంది. పేరు లేదు కదా అని దాన్ని నకిలీగా తోసేయకండి, ఆ సంస్థ కొన్ని పట్టీలను కావాలనే అలా వేస్తుంది. వెనుక జేబుల మీది జంట విల్లు కుట్టు రెండు జేబుల మీద సమానంగా కూర్చుందా, రివెట్ల మీద అక్షరాలు శుభ్రంగా పడ్డాయా, లోపలి లేబులు మీద ముద్రణ స్పష్టంగా ఉందా చూడండి. ఆ తరువాత తప్పకుండా ప్యాంటు లోపల, తొడల మధ్య వచ్చే భాగంలో చేయి పెట్టి చూడండి. జీన్స్ అరిగేది అక్కడే. గుడ్డ పలచబడి మీ వేళ్ల నీడ కనిపిస్తే, ఎంత పేరున్న ప్యాంటైనా కొనకండి.

రెండవది, ఆడవారి నూలు కుర్తాలు. 1960లో మొదలైన ఫ్యాబ్ఇండియా సరుకుకు పాతదైనా మంచి ధర పలకడానికి కారణం, కొత్తది ఖరీదుగా ఉండటమూ, గుడ్డ నూలుదై మన ఎండకు సరిపోవడమూ. అయితే నీలిమందు, అద్దకం రంగులు కొన్ని ఉతుకుల తరువాత కూడా రంగు వదులుతాయి కాబట్టి తడిపిన తెల్ల గుడ్డతో లోపలి మడతను రుద్ది చూసి, రంగు అంటితే ఆ మాట వివరణలో రాయండి. బిబా, డబ్ల్యూ కుర్తాలు కూడా బాగానే పోతాయి. సెట్టులో చున్నీ పోయిన వాటిని మాత్రం సగం ధరకైనా తీసుకోకండి. విడి కుర్తా అని మీరు రాసినా, చున్నీ ఏదీ అని అడిగేవారే పది మంది ఉంటారు.

మగవారి ఆఫీసు చొక్కాల విషయంలో మీకు నిరాశ కలిగించక తప్పదు. లూయీ ఫిలిప్, వాన్ హ్యూసెన్, అలెన్ సోలీ, పీటర్ ఇంగ్లండ్ మన వాళ్లు ఎక్కువగా వేసుకునేవే, మీకు సులువుగా దొరికేవీ అవే. కానీ కొత్త చొక్కాలనే ఏడాదికి రెండుసార్లు భారీ తగ్గింపులో అమ్ముతారు, వాడిన చొక్కా కాలరు మడత దగ్గరా ముంజేతి పట్టీ దగ్గరా అరిగి ఉంటుంది. లెక్క వేసి చూపిస్తాను. 120 రూపాయలకు కొన్న చొక్కాకు ఉతుకు, ఇస్త్రీ, బొత్తాం కలిపి 35, కవరుకు 10, కొరియరుకు 70 వేస్తే ఖర్చు 235. దాన్ని 349కి అమ్మితే మిగిలేది 114. ఐదింటిలో ఒకటి తిరిగి వస్తే, రానూపోనూ 140 రూపాయల కొరియరును ఐదింటి మీద పంచితే ఒక్కోదానికి 28 పోయి 86 మిగులుతుంది. అదే 300కి కొన్న మంచి జీన్స్‌కు ఉతుకు, ఇస్త్రీ 40, కవరు 10, కొరియరు 90 వేసినా ఖర్చు 440. 899కి అమ్మి, తిరిగి వచ్చిన వాటి భారం 36 తీసేసినా 423 మిగులుతుంది. ఫోటో తీయడానికీ కొలతలు రాయడానికీ మీకు పట్టే సమయం రెండింటికీ ఒకటే. లినెన్ చొక్కాలను మాత్రం ఈ మాట నుంచి మినహాయిస్తాను. అలాగే రేమండ్ కోటు, బ్లేజరు పెళ్లికి ఒక్కసారి వేసి దాచినవైతే కొనవచ్చు.

జూడియో, మాక్స్ వంటివి పూర్తిగా వదిలేయండి. కొత్తవే వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంటే పాతది కొరియరు ఖర్చు పెట్టుకుని ఎవరు కొంటారు? హెచ్ అండ్ ఎమ్ కూడా మామూలు టీషర్టులైతే అంతే. జారా గౌన్లు, యునిక్లో నార చొక్కాలు వస్తే తీసుకోండి. అవి మన జిల్లాలో పోవు, బెంగళూరు కొనుగోలుదారులకు పోతాయి.

మన దగ్గర ఎవరూ గమనించని సరుకు ఇంకొకటి ఉంది. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో వారు తెచ్చి పెట్టిన కొలంబియా, నార్త్ ఫేస్, పటగోనియా కోట్లు బీరువాలలో మడత విప్పకుండా పడి ఉంటాయి. విజయనగరం చలికి వాటి అవసరమేముంది? ఇవి దిల్లీలోనూ హిమాలయాలకు నడక యాత్రలు చేసేవారిలోనూ నవంబరు నుంచి బాగా పోతాయి. మీ వీడియోలోని పటగోనియా మాట ఇక్కడ ఒక్కచోటే పనికివస్తుంది. కొనే ముందు జిప్పును పైకీ కిందికీ పదిసార్లు లాగి చూడండి. జిప్పు మార్చాలంటే మీ లాభమంతా అక్కడే పోతుంది.

సరుకు ఎక్కడ దొరుకుతుందని మీరు అడగలేదు కానీ, బ్రాండు నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంది. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆడవారు మీ వీధికి వస్తూనే ఉంటారు. ఒక మంచి జీన్స్ ప్యాంటు చిన్న గిన్నెకు వెళ్లిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. వారిలో ఇద్దరు ముగ్గురితో మాట్లాడుకుని, ఎర్ర పట్టీ గుర్తు చూపించి, అలాంటివి వస్తే ముందు మీకు చూపించమని అడగండి. పాత బట్టల మండీలో వారికి వచ్చేదానికన్నా రెట్టింపు ఇవ్వండి. తలమీద మూట పెట్టుకుని మండుటెండలో తిరిగే వారితో పది రూపాయల కోసం బేరమాడకండి. సరుకు ఎవరికి మొదట చూపించాలో నిర్ణయించేది వారే.

ఇక తిరిగి వచ్చిన ఆ మూడింటి సంగతి. అవి సైజు సరిపోక వచ్చి ఉంటాయని అనుకుంటున్నాను. ఒక బ్రాండు ఎమ్ మరొక బ్రాండు ఎల్‌తో సమానం కావచ్చు, పైగా ఉతికిన నూలు కుంచించుకుపోతుంది. లేబులు మీది అక్షరాన్ని నమ్మకుండా, బట్టను నేల మీద పరచి ఒక చంక నుంచి మరో చంకకు, నడుము, పొడవు అంగుళాలలో కొలిచి, టేపు కనిపించేలా ఒక ఫోటో పెట్టండి. మీ అమ్మగారు ఈ పని మీకన్నా బాగా చేస్తారు. చిన్న మరక ఉన్నా వేలితో చూపిస్తూ ఫోటో తీయండి. లోదుస్తులు ఎంత పేరున్నవైనా అమ్మవద్దు.

పన్ను మాట కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో వస్తువులు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల రూపాయల అమ్మకం దాటేవరకు జీఎస్టీ నమోదు అక్కరలేదన్నది నిజమే కానీ, పన్ను వర్తించే సరుకును వేరే రాష్ట్రానికి అమ్మేవారికి ఆ మినహాయింపు లేదు. బెంగళూరుకూ దిల్లీకీ పంపే ఆలోచన ఉంటే ముందుగా ఊళ్లోని ఆడిటరును కలవండి. వాడిన వస్తువుల వ్యాపారి కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీద మాత్రమే పన్ను కట్టే పద్ధతి జీఎస్టీ నియమాలలో 32(5) అనే నియమం కింద ఉంది. దాని గురించి ప్రత్యేకంగా అడగండి. అందుకోసమే ఎవరి దగ్గర ఎంతకు కొన్నారో ఈ రోజు నుంచే పుస్తకంలో రాసుకోండి.

ఆ 15,000 రూపాయలను ఒకేసారి పెట్టకండి. ముందు 5,000తో జీన్స్, నూలు కుర్తాలు మాత్రమే కొని అమ్మి చూడండి.

ప్రశ్న: గుజరాత్ నుంచి విదేశీ పాత బట్టల బేళ్లు (పెద్ద కట్టలు) తెప్పిస్తానని ఒక వ్యాపారి చెబుతున్నాడు. అన్నీ బ్రాండెడ్ అట, కిలోల లెక్కన ఇస్తాడట, బేలు విప్పి చూపించడట. కొనవచ్చా? – ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: కొనవద్దు బాబూ. వాడిన దుస్తుల దిగుమతి మన దేశంలో ఆంక్షలున్న వ్యవహారం, లైసెన్సు లేనిదే తేకూడదు. గుజరాత్‌లోని కాండ్లా ప్రత్యేక ఆర్థిక మండలిలో విదేశీ పాత బట్టలను వేరుచేసే యూనిట్లు ఉన్న మాట నిజమే కానీ, వాటి పేరు చెప్పినంత మాత్రాన మీకు వచ్చే బేలు సక్రమమైనది అయిపోదు. కాగితాలు చూపించని సరుకు జోలికి వెళ్లవద్దు.

కొట్టు నడిపే రోజుల్లో ఒక టోకు వ్యాపారి మాట నమ్మి, ఎగుమతిలో మిగిలిన సరుకు అనుకుని 40 జీన్స్ ప్యాంట్లు కొన్నాను. పైన పెట్టిన నాలుగు మాత్రమే అసలువి. మిగతావాటి జేబుల కుట్టు ఒక ఉతుకుకే వంకర తిరిగింది. ఒక కుర్రాడు తన మొదటి జీతంతో కొనుక్కున్న ప్యాంటు పట్టుకుని వచ్చి నా కొట్టు ముందు నిలబడినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. డబ్బు తిరిగి ఇచ్చి, మిగిలిన వాటిని లేబుళ్లు కోయించి పని బట్టలుగా ఇచ్చేశాను. నకిలీ అని తెలిసీ అమ్మడం అంతకన్నా పెద్ద విషయం. 1999 ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం దానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఫస్ట్ కాపీ, అంటే అసలుదానిలాగే చేసిన నకలు, అని రాసి అమ్మినా అది నకిలీయే. న్యాయంగా కొన్న అసలు వస్తువును తిరిగి అమ్ముకోవడానికి మాత్రం అదే చట్టం అడ్డు చెప్పదు.

ప్రశ్న: మా నాయనమ్మగారి పెట్టెలో నాలుగు పొందూరు ఖద్దరు చీరలు, తాతగారి పంచెలు ఉన్నాయి. వీటికి బ్రాండు లేబులు లేదు. ఆన్‌లైన్‌లో అమ్ముడుపోతాయా? – ఒక పాఠకురాలు, రాజాం

జవాబు: పోతాయమ్మా. ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది మీదే. పొందూరు అన్న మాటే ఇక్కడ బ్రాండు. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేత్తో వడికి నేసిన గుడ్డ అది. గాంధీజీ మెచ్చుకున్న నేత, 1949 నుంచి అక్కడి ఖాదీ కార్మికుల సంఘం నిలబెట్టుకుంటూ వస్తున్న నేత. చీరను కిటికీ ముందు పట్టుకుని చూడండి. మరనూలు గుడ్డలో దారాలన్నీ ఒకే లావుగా కనిపిస్తాయి, చేతితో వడికిన నూలులో దారం అక్కడక్కడా సన్నబడి, అక్కడక్కడా బొద్దుగా కనిపిస్తుంది. ఆ ఫోటోను దగ్గరగా తీసి పెట్టండి, కొనేవారికి అంతకు మించిన లేబులు అక్కరలేదు. సంఘం ముద్ర కానీ పాత బిల్లు కానీ ఉంటే అది కూడా చూపించండి. అవి లేకపోతే ఖాదీ అన్న మాటను గట్టిగా వాడకుండా, నాయనమ్మ పెట్టెలోని పొందూరు చీర అని ఉన్నది ఉన్నట్టు రాయండి.

ధర విషయంలో తొందరపడకండి. ముందు పొందూరు వెళ్లి ఇప్పటి కొత్త చీర ధర కనుక్కోండి. మడత మీద చిరుగు లేని చీరకు అందులో సగం అడగవచ్చు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న గుడ్డ ఆ గీత వెంబడే చిరుగుతుంది కనుక, అమ్మే ముందు నీడలో ఒక పూట ఆరేసి, మడత మార్చి, చాకలికి వేయకుండా ఇంట్లోనే చల్లని నీళ్లలో కుంకుడు రసంతో ఉతకండి. గంజి పెట్టవద్దు. తాతగారి పంచెలలో ఒకటి మాత్రం అమ్మకుండా ఉంచుకోమని నా విన్నపం.