రోబీ హౌస్ చూడాలంటే ముందు ఇటుకల సందులు చూడండి

“చికాగోలోని రోబీ హౌస్ ఒక సైకిళ్ళ వ్యాపారి ఇల్లే కదా, ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టేంత విశేషం ఏముంది?” అని అడిగారు.

వ్యాపారిని పక్కన పెట్టండి. ఫ్రెడరిక్ రోబీ ఆ ఇంట్లో ఏడాదికి కాస్త పైన ఉన్నాడు, అంతే. 1910లో పూర్తయిన ఇంటిని 1911 చివర్లో అమ్మేశాడు. విశేషమంతా కట్టుబడిలో ఉంది.

ఫొటోలు తీసేవాళ్ళందరూ గోడలు దాటి బాగా ముందుకు చాచిన చూరు దగ్గరే ఆగిపోతారు. ఈ ఇంటికి డిజైన్ గీసిన అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ అసలు తెలివి గోడల్లో చూపించాడు. వాడినవి రోమన్ ఇటుకలు, అంటే మామూలు వాటికన్నా సన్నగా, పొడుగ్గా ఉండేవి. అడ్డ సందుల్లో లేత రంగు మాలు (ఇటుకల్ని అతికించే మిశ్రమం) వేసి, నీడ పడేలా లోపలికి గీకించాడు. నిలువు సందుల్లో మాత్రం ఇటుక రంగు కలిపిన మాలును ఇటుక ముఖానికి సమానంగా పూయించాడు. దాంతో నిలువు గీతలు కంటికి ఆనవు, గోడంతా అడ్డంగా పరిగెడుతున్నట్టే ఉంటుంది. 60 అడుగుల వెడల్పు, 180 అడుగుల పొడవున్న మూల స్థలానికి ఇంతకన్నా సరిపోయే గోడ లేదు.

ఇలాంటి ఇళ్ళకు మరమ్మతు పేరుతో జరిగే అన్యాయం కూడా ఇక్కడే చెప్పాలి. ఆ కాలపు గోడ కనపడితే చాలు, సందులన్నీ గ్రైండర్‌తో కోసి గట్టి సిమెంటు దట్టించేస్తారు. గ్రైండర్ ఇటుక అంచులు తినేస్తుంది. మాలు ఎప్పుడూ ఇటుక కన్నా మెత్తగా ఉండాలి. సిమెంటు ఇటుక కన్నా గట్టిదైతే గోడలోని తేమ సందుల్లోంచి బయటికి రాలేక ఇటుకలోంచి వస్తుంది, చలికి గడ్డకట్టి ఇటుక ముఖాన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది. సందు వెడల్పుకు రెండు, రెండున్నర రెట్ల లోతు దాకా పాత మాలు తీయాలి. ఇటుకను తడపాలి, నీళ్ళు మాత్రం పైన నిలవకూడదు. తర్వాత పావు అంగుళం చొప్పున పొరలుగా నింపాలి, ఒక పొర మీద బొటనవేలి ముద్ర పడేంత గట్టిపడ్డాకే ఇంకోటి. రెండు రకాల సందులకూ ఒకే బూడిద రంగు పూస్తే గోడ నిలుస్తుందేమో గానీ డిజైన్ పోతుంది.

చూరు సంగతికొస్తే, అంత దూరం గాల్లో నిలబడటానికి కారణం లోపల దాచిన ఉక్కు బీములు. ఆ చూరు అందం కోసమే పెట్టింది కాదు. నడివేసవి మధ్యాహ్నం ఎండ దక్షిణం వైపు అద్దాల తలుపుల అడుగు దగ్గరే ఆగేలా లెక్కేసి దాన్ని ముందుకు లాగారు. ఇంట్లో రంగు అద్దాల పలకలు 174. హాలుకీ భోజనాల గదికీ మధ్య గోడ లేదు, ఫైర్‌ప్లేస్ ఒక్కటే అడ్డు. దాని పైభాగం కూడా తెరిచే ఉంటుంది కాబట్టి పైకప్పు ఆ చివర దాకా కనిపిస్తుంది. మూడు కార్ల గరాజును 1910లోనే ఇంట్లో కలిపేశారు!

ఇలాంటి ఇంటిని కూడా కూలగొట్టబోయారు. 1926 నుంచి అది చికాగో థియొలాజికల్ సెమినరీ చేతిలో ఉంది. 1957లో హాస్టల్ కోసం పడగొడతామని ప్రకటించారు. 89 ఏళ్ళ రైట్ స్వయంగా వచ్చి, విలేకరుల్ని వెంటబెట్టుకుని ఇల్లంతా తిరిగాడు. ఆత్మకు సంబంధించినదేదైనా మతగురువుల చేతిలో పెడితే ఇంతే అన్న అర్థంలో చురక వేశాడు. పక్కనున్న రెండు విద్యార్థి సంఘాలు, కావాలంటే మా ఇళ్ళ స్థలాలు తీసుకోండని ముందుకొచ్చాయి. చివరికి 1958లో విలియం జెకెండార్ఫ్ అనే బిల్డర్ దాన్ని కొని, 1963లో చికాగో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాడు. జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు కూడా ఆ ఏడాదే వచ్చింది.

2019లో యునెస్కో జాబితాలో చేరింది గానీ, ఒంటరిగా కాదు, రైట్ కట్టిన ఎనిమిదింటిలో ఒకటిగా. ఆ ఎనిమిదిలో ఫాలింగ్‌వాటర్ అనే ఇంటికే పేరెక్కువ. వాగు మీదికి చాచిన దాని కాంక్రీటు వరండాలు కిందికి వంగిపోతే 2002లో ఉక్కు తీగలతో బిగించి నిలబెట్టారు. నన్నడిగితే ఇంజనీరింగ్‌లో రోబీ హౌసే మేలు.