పాలపళ్ల మీద తెల్లటి గీత కనిపిస్తోందా? నొప్పి వచ్చేదాకా ఆగొద్దు

ప్రశ్న: మాది నల్లగొండ దగ్గర పల్లె. బాబుకి రెండున్నరేళ్లు. పైన ముందుపళ్ల మీద చిగురుకి ఆనుకుని తెల్లగా గీతలాగా కనిపిస్తోంది. నొప్పి లేదు, అన్నీ తింటున్నాడు. రాత్రి పాలసీసా లేనిదే పడుకోడు. మా అత్తమ్మ "పాలపళ్లే కదా, ఊడిపోతాయిలే" అంటున్నారు, కొందరేమో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల అంటున్నారు. డాక్టర్‌కి చూపించాలా? ఆరేళ్ల పాప కూడా ఉంది, తనకీ చూపించాలా?

జవాబు: చూపించాలమ్మా, ఈ వారంలోనే. మీరు మంచి టైంలో గమనించారు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది పన్ను నల్లబడి, గుంత పడి, రాత్రంతా ఏడ్చి ఏడ్చి పొద్దున్నే వస్తారు, ఆ పసివాళ్లని అలా చూస్తుంటే ఆర్నెల్ల ముందు ఎవరైనా ఒక్కసారి పెదవి ఎత్తి చూసుంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది.

పిప్పి అంటే అందరూ నల్లమచ్చ కోసం వెతుకుతారు, కానీ అది మొదలయ్యేది తెల్లగా. పళ్ల మీది పాచిలో ఉండే బ్యాక్టీరియా పాలల్లోని చక్కెరని యాసిడ్‌గా మారుస్తుంది, ఆ యాసిడ్‌కి ఎనామిల్, అంటే పంటి పైన ఉండే గట్టి పొరలోని కాల్షియం కొంచెం కొంచెం కరిగిపోయి, పైకి గుంత ఏమీ లేకపోయినా లోపల గుల్లబారుతుంది, అందుకే అక్కడ మెరుపు పోయి సున్నం రాసినట్టు కనిపిస్తుంది. ఈ దశలో పోయిన ఖనిజాలు మళ్లీ పంటిలోకి చేరే అవకాశం ఉంది, గుంత పడ్డాక మాత్రం ఆ పన్ను దానంతటది పూడదు.

ఇంట్లో ఇలా చూడండి. పొద్దున కిటికీ దగ్గర కూర్చుని బాబు తల మీ ఒళ్లో పెట్టుకోండి, కాళ్లు వాళ్ల నాన్న పట్టుకుంటే ఇంకా ఈజీ. చూపుడు వేలితో పై పెదవి బాగా పైకెత్తి, మెత్తటి నూలుగుడ్డతో పళ్లని తుడిచి పొడిగా చెయ్యండి, ఇది ముఖ్యం, ఎందుకంటే ఉమ్మితో తడిగా ఉన్నప్పుడు ఈ తెల్లదనం కనపడదు, ఆరగానే బయటపడుతుంది. తర్వాత కింది ముందుపళ్లు చూడండి. అవి శుభ్రంగా ఉండి పైవి మాత్రమే తెల్లబారితే అది ఎక్కువగా పాలసీసా పనే, సీసా తాగేటప్పుడు నాలుక కింది పళ్లని కప్పేస్తుంది, పాలు పైపళ్ల చుట్టూ నిలిచిపోతాయి, నిద్రలో ఉమ్మి కూడా తక్కువ ఊరుతుంది కాబట్టి కడిగేవాళ్లే ఉండరు.

ఫ్లోరైడ్ సంగతి, మీ ప్రాంతంలో ఆ అనుమానం రావడం సహజమే. కానీ ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ల మీద వచ్చే మచ్చలు, ఎక్కువగా శాశ్వత పళ్ల మీద, రెండు వైపులా ఒకేలా, పన్నుకి అడ్డంగా సన్నగీతలుగా వస్తుంది. చిగురు అంచు వెంబడి నెలవంకలా వచ్చేది పిప్పి మొదలు. ఏదైనా సరే, మీరు తాగేది బోరు నీళ్లా, నల్లా నీళ్లా అన్నది డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, పేస్ట్ ఏది వాడాలో దాన్నిబట్టి చెప్తారు. మామూలుగా అయితే ఈ వయసుకి 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్ బియ్యపు గింజంత చాలు, మూడేళ్లు దాటాక బఠానీ గింజంత. పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తోమాల్సింది మీరే, వాడి చేతికి బ్రష్ ఇచ్చి వదిలేస్తే అది ఆట మాత్రమే. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్ల చెయ్యి పడాల్సిందే.

సీసా ఒక్కరోజులో మానడు, రెండు మూడు రాత్రులు ఏడుస్తాడు, మీకూ కష్టమే, నాకు తెలుసు. పాలల్లో చక్కెర వేస్తుంటే ముందు అది ఆపండి, తర్వాత రోజూ కాసిని నీళ్లు ఎక్కువ కలుపుతూ పది రోజుల్లో సీసాలో నీళ్లే మిగిలేలా చెయ్యండి. పాలు గ్లాసుతో పడుకునే ముందే తాగించి, ఆ తర్వాత పళ్లు తోమాలి. దగ్గు సిరప్‌లు కూడా తియ్యగానే ఉంటాయి, వేశాక నోరు తుడవండి. పగలంతా బిస్కెట్ చేతిలో పెట్టుకుని తిరగడం కూడా ఆపాలి, తిన్న ప్రతిసారీ యాసిడ్ దాడి మళ్లీ మొదలవుతుంది.

డాక్టర్ దగ్గర ఫ్లోరైడ్ వార్నిష్, అంటే ఫ్లోరైడ్ ఉన్న పూత, పళ్లకి పూస్తారు, కొన్ని నిమిషాల పని, సూది ఉండదు. పిల్లల పళ్ల డాక్టర్ దగ్గరలో లేకపోతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది.

అత్తమ్మగారికి నా మాటగా చెప్పండి, ముందుపళ్లు ఆరేడేళ్లకి ఊడతాయి నిజమే, దవడ పాలపళ్లు మాత్రం పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. అవి పుచ్చి చీము పడితే కింద తయారవుతున్న శాశ్వత పన్నుకీ దెబ్బే. ముఖం వాచి జ్వరం వస్తే మాత్రం అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

పాపనీ తప్పకుండా తీసుకెళ్లండి. ఆరేళ్లకి చివరి పాలపన్ను వెనకాల కొత్త దవడ పన్ను వస్తుంది, ఏదీ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది అదీ పాలపన్నే అనుకుంటారు, కానీ అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని మీది లోతైన గాడులని సీలెంట్ అనే పల్చటి పూతతో మూసేయొచ్చేమో ఇద్దర్నీ చూపించిన రోజే అడగండి.