రెండోసారి మొదలుపెడుతున్న చెల్లికి

చెల్లీ,

మళ్ళీ డేటా కంపెనీయే పెడుతున్నావని విని చాలా సంతోషించాను. కాస్త టెన్షన్ కూడా పడ్డాను. ఒకసారి గెలిచినవాళ్ళకి పెట్టుబడి, మంచి ఇంజినీర్లు, పెద్ద కంపెనీల్లో మీటింగులు అన్నీ తొందరగానే దొరుకుతాయి. "ఇది మాకు అక్కర్లేదు" అని మొహం మీద చెప్పే మనిషే దొరకడు. నా రెండో కంపెనీలో నేను దెబ్బతిన్నది అక్కడే. ఏడాదిన్నరపాటు ఒక్క కస్టమర్ కూడా లేకుండా ప్లాట్‌ఫామ్ మొత్తం కట్టేశాం. చూసినవాళ్ళంతా బాగుందన్నారు కానీ, తమ డేటా పెట్టడానికి ఒక్కరూ ముందుకు రాలేదు.

2007లో టెన్‌జెన్ అనే కంపెనీ పెట్టినవాళ్ళు కూడా డబుల్‌క్లిక్ అనే ఇంటర్నెట్ ప్రకటనల కంపెనీలో పనిచేసి వచ్చిన అనుభవజ్ఞులే. వాళ్ళు కట్టాలనుకున్నది అప్లికేషన్లు నడిపే క్లౌడ్ ప్లాట్‌ఫామ్. జనానికి నచ్చింది మాత్రం అందులోని డేటాబేస్. మిగతాదంతా వదిలేసి దాన్నే పట్టుకున్నారు. అదే మాంగోడీబీ డేటాబేస్.

మొదటి కంపెనీలో పనిచేసిన డిజైన్‌ని కూడా అలాగే అనుమానించు. డేటాబేస్ శాస్త్రవేత్త స్టోన్‌బ్రేకర్‌ని చూడు. ఇంగ్రెస్, పోస్ట్‌గ్రెస్ అనే తన రెండు డేటాబేస్‌లలోనూ డేటాని అడ్డు వరుసలుగా దాచిన మనిషి, విశ్లేషణకి అది సరిపోదని తనే వాదించి, 2005లో నిలువు వరుసలుగా దాచే వెర్టికా పెట్టాడు.

అన్నిటికంటే ముఖ్యం నమ్మకం. డాష్‌బోర్డు ఒక గంట ఆగితే కస్టమర్ కోప్పడతాడు, అంతే. ఒక్క డేటా టేబుల్ పోయిందంటే మళ్ళీ నీ మొహం చూడడు. బ్యాకప్ తీస్తున్నామని టీమ్ చెబితే సరిపెట్టుకోకు. వారానికోసారి ఆ బ్యాకప్ నుంచి డేటాని రీస్టోర్ చేయించి, లెక్కలు సరిపోయాయో లేదో నువ్వే చూడు. మొదటి పదిమంది కస్టమర్లు ఏ వేళలోనైనా సమస్య చెప్పుకునే ఆన్‌కాల్ ఫోన్ నీ దగ్గరే ఉండాలి. రాత్రి రెండింటికి వచ్చే కాల్‌లో తెలిసే విషయాలు ఏ సేల్స్ మీటింగులోనూ తెలియవు.

నీ కోడ్‌ని ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ సంగతి మొదట్లోనే తేల్చుకో. 2021లో ఎలాస్టిక్ అనే కంపెనీ తన సెర్చ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌ని మధ్యలో మార్చితే, అమెజాన్ దాని పాత కోడ్ తీసుకుని ఓపెన్‌సెర్చ్ అని పోటీది మొదలుపెట్టింది.

"మీ కంపెనీ అమ్ముడుపోతే మా గతేంటి?" అని నిన్ను తప్పకుండా అడుగుతారు, ఒకసారి అమ్మినదానివి కదా. 2015లో ఆపిల్ ఫౌండేషన్‌డీబీ అనే డేటాబేస్ కంపెనీని కొనగానే డౌన్‌లోడ్లు ఆగిపోయాయి. కోడ్ అందరికీ తెరిచింది 2018లో. కాబట్టి డేటా మొత్తాన్ని మామూలు ఫార్మాట్‌లో బయటికి తీసుకెళ్ళే దారి ఒప్పందంలోనే రాసివ్వు.

కోడ్ తర్వాత చూస్తాను. ముందు నీ మీద నమ్మకంతో డేటా పెట్టడానికి ఒప్పుకున్న ముగ్గురు ఏం చెప్పారో, వాళ్ళ మాటల్లోనే నాకు రాసి పంపు.

ప్రేమతో,
అన్నయ్య