తుంగభద్ర పూడికను తవ్వి పొలాలకు తోలలేమా?

ప్రశ్న: తుంగభద్ర జలాశయంలో పూడిక పేరుకుపోవడం వల్లే మా అనంతపురం జిల్లాకు ఎగువ కాలువ నీళ్లు తగ్గుతున్నాయంటారు. తెలంగాణలో మిషన్ కాకతీయ కింద చెరువుల మట్టిని తీసినట్లు ఆ పూడికనూ తవ్వి పొలాలకు ఎందుకు తోలరు?
– ఒక పాఠకుడు, ఉరవకొండ

జవాబు: 1953లో నీరు నిలపడం మొదలుపెట్టినప్పుడు తుంగభద్ర సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు కాగా, 2016 సర్వే నాటికి అది 105.79 టీఎంసీలకు పడిపోయింది. అంటే 27 టీఎంసీల చోటును మట్టి ఆక్రమించింది. ఒక టీఎంసీ అంటే దాదాపు 2.83 కోట్ల ఘనపు మీటర్లు కనుక, లారీకి 10 ఘనపు మీటర్ల చొప్పున రోజుకు వెయ్యి లారీలు ఏడాది పొడవునా తోలినా ఒక్క టీఎంసీ మట్టి తీయడానికి ఏడున్నరేళ్లకు పైనే పడుతుంది. జలాశయం అడుగు బయటపడేది వేసవిలోనే కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. పైగా సగటున ఏటా చేరే కొత్త పూడిక ఈ లెక్కన తీయగలిగినదానికి మూడింతలకు మించి ఉంటుంది. చెరువులో సాధ్యమైన పని ఇక్కడ సాధ్యం కానిది ఇందుకే. అంచుల్లోని మెత్తని ఒండ్రును దగ్గరి రైతులు తోలుకోవడం మంచిదే గానీ, దూరం పెరిగితే మట్టి విలువకంటే లారీ కిరాయే ఎక్కువవుతుంది.

పూడిక అంతా అడుగున, వాడుకకు రాని నీటి మట్టంలోనే చేరుతుందన్న అభిప్రాయం కూడా సరికాదు. నది జలాశయంలోకి ప్రవేశించి వేగం తగ్గే చోటనే ముతక ఇసుక పడిపోయి, మనం వాడుకొనే నీటి చోటునే తినేస్తుంది.

చైనాలో 1960లో పూర్తయిన సన్‌మెన్‌షియా ఆనకట్ట కొన్నేళ్లకే పూడిపోవడంతో, అడుగున సొరంగాలు తవ్వి, వరద కాలంలో బురదనీటిని వదిలి తేటనీటిని నిలిపే పద్ధతికి మళ్లారు. తుంగభద్రలో 33 గేట్లూ పైమట్టంలో ఉన్నందున వరద పొర్లినా అడుగు మట్టి కదలదు. పాత రాతికట్టడానికి అడుగున కొత్త తూములు పెట్టడం సాహసమే.

వానలు తక్కువైన ఏడాదిలో మీ కాలువకు కోత పడితే దానికి పూడికను నిందించలేము; అప్పుడు వచ్చిన నీటినే తుంగభద్ర బోర్డు రాష్ట్రాల వాటాల ప్రకారం పంచుతుంది. పూడిక వల్ల నష్టం వరద ఏడాదిలోనే, చోటు లేక నీరు కిందికి పోయినప్పుడు జరుగుతుంది. అందుకే కర్ణాటక నవలి వద్ద మరో జలాశయాన్ని, ఆంధ్రప్రదేశ్ ఎగువ కాలువకు సమాంతరంగా వరద కాలువను ప్రతిపాదించాయి. మా దృష్టిలో మీ జిల్లాకు ఎక్కువ ఉపయోగపడేది రెండోదే, ఎందుకంటే వరద ఉన్న కొద్ది వారాల్లోనే పెన్నహోబిలం జలాశయాన్ని నింపుకోవచ్చు.