రేటింగ్ 4 ఉన్న బడి అని ఇల్లు మారాలా?

ప్రశ్న: డాలస్ నగరంలోనే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. ఇద్దరి ఆఫీసులూ డౌన్‌టౌన్‌లోనే. పాప రెండేళ్లుగా మా అడ్రస్‌కి వచ్చిన డాలస్ ఐఎస్‌డీ (స్కూల్ డిస్ట్రిక్టు) బడిలో చదువుతోంది, ఆగస్టులో మూడో గ్రేడ్. సంతోషంగానే వెళ్లొస్తోంది, బాగానే చదువుతోంది. కానీ ఆ బడి రేటింగ్ పదికి 4. తెలిసినవాళ్లంతా శివారులోని ఫ్రిస్కో వెళ్లిపొమ్మంటున్నారు. అక్కడ నచ్చిన ఇల్లు ఆరున్నర లక్షల డాలర్లు. జూన్‌లో లీజు అయిపోతుంది. పాప చదువు చేతులారా పాడుచేస్తున్నామేమోనని నిద్ర పట్టడం లేదు. ఏది మంచిది?

జవాబు: ఏది మంచిదని అడిగారు గానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది వేరే ఉంది. అందరూ వెళ్లినచోటికి మనం వెళ్లకపోతే, రేపు పాప ఎక్కడైనా తడబడితే తప్పంతా మన మీదే పడుతుందన్న భయం అది. ముందు దానికే జవాబు. ఇంట్లో చదువుకున్న తల్లిదండ్రులు ఇద్దరు ఉండి, సంతోషంగా బడికి వెళ్తున్న ఏడెనిమిదేళ్ల పిల్లకి, బడి రేటింగ్ 4 కాబట్టి దారులు మూసుకుపోవు. ఇది మిమ్మల్ని ఊరుకోబెట్టడానికి అంటున్న మాట కాదు.

ఇళ్లు వెతికే సైట్లు జిల్లోలోనో రెడ్‌ఫిన్‌లోనో ఇంటి ఫొటోల కింద కనబడే ఆ అంకె, బడులకి రేటింగులిచ్చే గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థది. ఎలిమెంటరీ బడికి అది ప్రధానంగా టెక్సస్ రాష్ట్రం పెట్టే స్టార్ (STAAR) పరీక్ష ఫలితాల మీద నడుస్తుంది. స్టార్ మొదలయ్యేదే మూడో గ్రేడ్‌లో. అంటే ఆ 4లో మీ పాప గురించి ఒక్క ముక్క కూడా లేదు. పైగా సగటు మార్కులు బడి ఏం నేర్పిందో చెప్పేకంటే, పిల్లలు ఎలాంటి ఇళ్లనుంచి వస్తున్నారో ఎక్కువ చెబుతాయి. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ షాన్ రియర్డన్ 2017లో చికాగో ప్రభుత్వ బడుల లెక్కలు తీశారు. అక్కడ సగటు మార్కులు దేశం సగటుకన్నా తక్కువే. కానీ మూడో గ్రేడ్ నుంచి ఎనిమిదో గ్రేడ్ దాకా, ఐదేళ్లలో ఆ పిల్లలు ఆరేళ్ల చదువు నేర్చుకున్నారు. ఇల్లు వెతికే తల్లిదండ్రులకి ఆ ఎదుగుదల కనబడలేదు, తక్కువ అంకె మాత్రం కనబడింది.

ఒక మాట గట్టిగానే అంటాను, ఏమీ అనుకోకండి. పాప రెండేళ్లు ఆ బడిలో చదివింది. టీచర్ ఏమన్నారో, పాప చదవడంలో ఎక్కడుందో, క్లాసులో ఎంతమంది పిల్లలున్నారో మీ ఉత్తరంలో ఒక్క వాక్యం లేదు. రేటింగ్ ఉంది, తెలిసినవాళ్ల అభిప్రాయం ఉంది, ఇంటి ధర ఉంది. ఆ బడిలో అడుగు పెట్టనివాళ్ల మాట నమ్మి, రెండేళ్లుగా కళ్లముందున్న పిల్లని చూడకపోవడం పద్ధతి కాదు.

ఈ వారంలోనే టీచర్‌తో అపాయింట్‌మెంట్ తీసుకోండి. బడిలో ఏడాదికి రెండు మూడుసార్లు పెట్టే మ్యాప్ లాంటి పరీక్ష ఉంటే, స్కోరుతో ఆగకండి, గ్రోత్ పర్సంటైల్ అడగండి. అది 50 దాటి ఉంటే, అదే స్థాయిలో మొదలైన పిల్లల్లో సగంమంది కన్నా పాప ఎక్కువ ముందుకెళ్లినట్టు. వరుసగా 30 లోపు ఉంటే అప్పుడు కంగారుపడాలి. చురుకైన పిల్లల్ని గుర్తించే గిఫ్టెడ్ పరీక్ష ఎప్పుడు పెడతారో కూడా కనుక్కోండి, టెక్సస్‌లో ప్రతి డిస్ట్రిక్టూ ఆ పిల్లల్ని గుర్తించి తీరాలి.

తర్వాత టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ సైట్లో ఆ బడి ఫలితాల వివరాలుండే టీఏపీఆర్ (TAPR) రిపోర్టు తెరవండి. అందరూ మొదటి వరస చూసి మూసేస్తారు. మీరు ‘కంటిన్యువస్లీ ఎన్‌రోల్డ్’ నిలువు వరస చూడండి. మధ్యలో వచ్చి చేరినవాళ్లని పక్కనపెట్టి, కొన్నేళ్లుగా అదే డిస్ట్రిక్టులో నిలకడగా ఉన్న ఆ బడి పిల్లల ఫలితాలు అందులో ఉంటాయి. పక్క వరసకన్నా బాగా మెరుగ్గా ఉంటే బడి పని చేస్తోందని ఒక ఆధారం దొరికినట్టే. అదే రిపోర్టులో టీచర్ల అనుభవం ఉంటుంది. మొదటి ఏడాది టీచర్లు నాలుగోవంతు దాటితే, ప్రిన్సిపల్ ఎన్నేళ్లనుంచి ఉన్నారో, నిరుడు ఎంతమంది టీచర్లు మానేశారో వెళ్లి అడగాల్సిందే. ప్రిన్సిపల్స్ ఏటా మారే బడిని నేనూ వద్దంటాను, రేటింగ్ 9 అయినా సరే. కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో గ్రేడ్ దాకా క్లాసుకి 22 మందికి మించకూడదన్నది రాష్ట్ర నియమం. మినహాయింపు తెచ్చుకున్నారేమో అడగండి.

ఇక ఫ్రిస్కో. అక్కడి బడులు మంచివే, దాని మీద వాదన లేదు. నా అనుమానం ఆ దారిని కళ్లు మూసుకుని పట్టడం మీద. ఆరున్నర లక్షల ఇంటికి మినహాయింపులు పోనూ ప్రాపర్టీ ట్యాక్సే ఏటా దాదాపు 9 వేల డాలర్లు. డౌన్‌టౌన్‌కి 28 మైళ్లు. డాలస్ లోకల్ రైలు డార్ట్ ఫ్రిస్కో దాకా రాదు, కాబట్టి ఇద్దరూ టోల్‌వే మీద పొద్దున గంట, సాయంత్రం గంట. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి పాప పక్కన కూర్చుని పుస్తకం చదివించేది మీరే కదా? అక్కడికి వెళ్లాక ఆ గంట ఆఫ్టర్‌స్కూల్‌లో గడుస్తుంది, దానికి ఫీజు కూడా మీరే కడతారు.

ఊరి పేరు చూసి కొనడం ఇంకో ప్రమాదం. ఫ్రిస్కో అడ్రస్‌లన్నీ ఫ్రిస్కో ఐఎస్‌డీ కాదు. కొన్ని ప్రాస్పర్‌కి, కొన్ని లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్‌కి వెళ్తాయి. ఇంకో శివారు ఊరు ఇర్వింగ్‌లోనైతే వీధిని బట్టి ఇర్వింగ్, కోపెల్, క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ అని మూడు డిస్ట్రిక్టులు. రియల్టర్ మాట కాదు, డిస్ట్రిక్టు వాళ్ల స్కూల్ లొకేటర్లో ఇంటి నంబరుతో సహా కొట్టి చూసుకోవాలి. ఏ ఇల్లు ఏ బడికో చెప్పే ఆ హద్దు గీతలు కూడా శాశ్వతం కావు. పిల్లలు తగ్గారని ప్లేనో ఐఎస్‌డీ 2024–25 ఏడాది చివర్లో నాలుగు బడులు మూసేసింది.

ఎవరూ చెప్పని ముక్క ర్యాంకు. టెక్సస్ హైస్కూల్లో క్లాసు ర్యాంకు ఎంత ముఖ్యమో మీకు తెలుసు. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీ యూటీ ఆస్టిన్, ర్యాంకు చూసి నేరుగా సీటిచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్‌ని 2026 ఫాల్ నుంచి టాప్ 6 శాతం నుంచి 5కి తగ్గించింది. అయిదొందల మంది సీనియర్లుంటే 25 మంది. ఆ 25లో ఉండాలని ఏడో గ్రేడ్ నుంచే ట్యూషన్లు పెట్టించే ఇళ్ల మధ్యకి పాపని తీసుకెళ్తున్నారు. తట్టుకుని పైకొచ్చే పిల్లలున్నారు, తెలివి ఉండీ తనకి ఏమీ రాదని నమ్మేసుకునే పిల్లలూ ఉన్నారు. అలాగని ర్యాంకు కోసం బలహీనమైన హైస్కూల్ ఎంచుకోమనడం లేదు. డాలస్ ఐఎస్‌డీలో టౌన్‌వ్యూ క్యాంపస్‌లోని టాలెంటెడ్ అండ్ గిఫ్టెడ్, సైన్స్ అండ్ ఇంజినీరింగ్ మ్యాగ్నెట్లు (అడ్రస్‌ని బట్టి కాక, ఎంపిక చేసి చేర్చుకునే హైస్కూళ్లు) దేశంలోనే పేరున్నవి. అక్కడా ఇదే పోటీ, పైగా సీటు గ్యారంటీ లేదు.

మారక తప్పని సందర్భాలు లేకపోలేదు. పాప గ్రోత్ రెండేళ్లుగా పడిపోతుంటే, బడిలో భయపడుతుంటే, మీ అడ్రస్‌కి వచ్చే మిడిల్ స్కూల్లో ఎనిమిదో గ్రేడ్‌కి ఆల్జీబ్రా 1 లేకపోతే, మారండి. ఆ చివరిది తేలాల్సింది ఐదో గ్రేడ్‌లో, ఈ జూన్‌లో కాదు.

లీజు ఇంకో ఏడాది పొడిగించండి. చాలా అపార్ట్‌మెంట్లు 60 రోజుల ముందే చెప్పమంటాయి కాబట్టి ఏప్రిల్ దాటనివ్వకండి. ఈలోపు మిడిల్ స్కూల్ ఒకసారి వెళ్లి చూసి రండి. మూడో గ్రేడ్ స్టార్ ఫలితాలు వచ్చాక, పాప మ్యాప్ రిపోర్టుతో కలిపి మళ్లీ రాయండి. ఫ్రిస్కో మనసులోంచి పోకపోతే, అప్పుడు కూడా కొనకండి. ముందు అక్కడ ఒక ఏడాది అద్దెకి ఉండి, ఆ టోల్‌వే మీద రోజూ తిరిగి చూడండి.