డ్రాయింగ్ తప్పింది... బ్రాంచి మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయికి ఇంటర్ ఎంపీసీలో 960 దాటాయి. కెమిస్ట్రీ, ఆల్జీబ్రా కొట్టినపిండి. బీటెక్ మెకానికల్ మొదటి సెమిస్టర్‌లో ఇంజినీరింగ్ డ్రాయింగ్ ఒక్కటే తప్పింది. ‘వస్తువును తిప్పి ఊహించడం నా వల్ల కావట్లేదు’ అంటోంది. సీఎస్ఈకి మార్పించమంటారా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అప్పుడే వద్దండీ. సూత్రం గుర్తుంచుకుని మెట్టు మెట్టుగా లెక్క నడిపే పిల్లలకు ఇంటర్‌లో బొమ్మతో పెద్దగా పనిపడదు. 3డి జామెట్రీ సైతం డైరెక్షన్ కొసైన్లతో తేలిపోతుంది. అందుకే ఈ లోటు ఇన్నాళ్లూ బయటపడలేదు.

ఇది సాధనతో పెరిగేదే. అమెరికాలోని మిషిగన్ టెక్‌లో ప్రొఫెసర్ షెరిల్ సోర్బీ 1990లలో ఇలాంటి విద్యార్థులకోసమే ఒక కోర్సు మొదలుపెట్టారు. వస్తువును మనసులో తిప్పే 30 ప్రశ్నల పరీక్షలో 60 శాతం దాటనివాళ్లను అందులో చేర్చుకునేవారు. అది చదివినవాళ్లకు గ్రాఫిక్స్‌లో మార్కులు మెరుగుపడ్డాయి.

ముందు తను ఎక్కడ తప్పుతోందో పాత షీట్లలో చూడమనండి. అమెరికా వీడియోలు చూసి నేర్చుకుంటే టాప్ వ్యూ (పైనుంచి చూసిన రూపం) ఫ్రంట్ వ్యూకు (ఎదుటినుంచి చూసిన రూపం) పైన పడుతుంది. అది థర్డ్ యాంగిల్ అనే పద్ధతి. మన దగ్గర ఫస్ట్ యాంగిల్: ఫ్రంట్ వ్యూ ఎక్స్‌వై గీతకు (నేల, గోడ కలిసే గీత) పైన, టాప్ వ్యూ కింద.

ఎక్కువమంది బోల్తాపడేది వాలిన ఘనాల దగ్గర. షడ్భుజ పట్టకం అడుగు అంచుమీద ఆని, అక్షం నేలకు 45 డిగ్రీలు వాలి ఉందనుకోండి. మొదటి అంచెలో నిటారుగా నిలబెట్టి, టాప్ వ్యూలో షడ్భుజి భుజం ఒకటి ఎక్స్‌వైకి లంబంగా ఉండేలా గీయాలి. సమాంతరంగా పెడితే పక్కలకు మూలలు వస్తాయి. వాల్చినప్పుడు అంచుకు బదులు మూలమీద నిలుస్తుంది. అక్కడినుంచి ఎంత శుభ్రంగా గీసినా లెక్క తప్పే.

బంగాళాదుంపను పట్టకంలా చెక్కి, గోడ వారగా పెట్టమనండి. నేల హెచ్‌పీ (అడ్డ తలం), గోడ వీపీ (నిలువు తలం). చూడకముందే మూడు వ్యూలూ (ఫ్రంట్, టాప్, సైడ్) చేత్తో గీయాలి, తర్వాత దుంపతో సరిచూసుకోవాలి. రోజుకు అరగంట చొప్పున ఆరు వారాలు చేస్తే తేడా తనకే తెలుస్తుంది. కంప్యూటర్‌లో డ్రాయింగ్ గీసే ఆటోక్యాడ్ అప్పుడే వద్దు. తిప్పే పని అదే చేసేస్తే తనకు సాధన ఏముంటుంది?

ఇంతా చేశాక కూడా మెషిన్ డిజైన్ అంటే మనసు పోకపోతే అప్పుడు ఆలోచించండి. మెకానికల్‌లోనే థర్మల్, ప్రొడక్షన్ ప్లానింగ్ వైపు ఈ ఒత్తిడి తక్కువ. సీఎస్ఈలోనూ గ్రాఫిక్స్, రోబోటిక్స్ వైపు వెళ్తే మళ్లీ ఇదే అవసరం. పైగా బ్రాంచి మార్పు ఇచ్చే కాలేజీలు చాలావరకు బ్యాక్‌లాగ్ ఉంటే ఒప్పుకోవు, కాబట్టి ఎలాగూ సప్లిమెంటరీ గట్టెక్కాల్సిందే.

ప్రశ్న: కొత్త ఊళ్లో నాకు దారి తోచదు. బీడీఎస్‌లో చేరొచ్చా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: దారి గుర్తుండటం వేరు, వస్తువును మనసులో తిప్పడం వేరు. డెంటల్‌కు కావాల్సింది రెండోది: చిన్న అద్దంలో తిరగబడి కనిపించే పంటిని చూస్తూ డ్రిల్ నడపాలి. అమెరికా డెంటల్ ప్రవేశ పరీక్షలో దీనికి 90 ప్రశ్నల విభాగమే ఉంది. నీట్‌లో లేదు గనుక మీరే పరీక్షించుకోండి. బీడీఎస్ మొదటి ఏడాది మైనంతో పళ్లు చెక్కిస్తారు. ఇప్పుడే ఒక సబ్బుబిళ్ల తీసుకుని, బొమ్మ చూస్తూ దవడపన్ను చెక్కి చూడండి. మొదటిది వంకరపోవడం మామూలే. నాలుగైదు చెక్కాక కూడా ఏ పక్క ఏదో తికమకగానే ఉంటే చేరేముందు మరోసారి ఆలోచించండి.